వెనకగది పూచీ

చైత్ర బహుళ విదియ, సోమవారం. జనగామ.
పొద్దుటి నుంచే ఎండ. లాంతరు చిమ్నీ తుడిచి నూనె పోశాను. తొర్రూరు వైపు ఊరి దొర దగ్గర గుమాస్తా నర్సింగరావు వచ్చాడు. పంట అమ్మిపెట్టే నా అడ్తి దుకాణం వెనకగది కిరాయికి కావాలట. నేనే కిరాయిదారుణ్ణి, యజమానిని అడగాలన్నాను. "గాయినకు చెప్పుడెందుకయ్యా, రెండు నెల్లేనాయె." ఊరంతా దండాలు పెట్టగా అలవాటైన నవ్వు. ఇచ్చాను. నాకంటే తెలివితక్కువవాడు ఈ బజారులో లేడు.

మంగళవారం.
ఐదు పెట్టెలు దిగాయి. పత్తి నమూనాలట. దించిన హమాలీ మల్లయ్య చెమట తుడుచుకుంటూ, "పత్తి గింత బరువుంటదా సేటూ? మా ఊరి భూముల కాయితాలు గివి." వాళ్ల ఊళ్లో సంఘంవాళ్లు గడీలోని కాగితాలు కాలుస్తుంటే దొర పట్నం పారిపోయాడు. కాగితాలు మాత్రం నా నెత్తికి చుట్టాడు.

గురువారం.
బీమా ఏజెంటు. ఈ ఎండలో కోటు. "వెనకగదిల వేరేటోళ్లుంటే రాసియ్యాలె, లేకుంటే కంపెనీకి పూచీ లేదు." అక్కడే రాసిచ్చాను. జేబులో పెట్టుకుని, "అల్లర్లల్ల కాలితే మాత్రం రాదు." మరి ఎప్పుడు వస్తుంది? "దీపం పడి కాలితే వస్తది." నిరుడు సంతకం పెట్టించుకున్నప్పుడు ఏ నిప్పైనా ఒక్కటే అన్నాడు.

శుక్రవారం.
దుకాణం మల్గి యజమాని వచ్చాడు. "కాలితే పూచీ నీదే, కిరాయి చీటీల ఉన్నది. లోపల ఎవర్ని పెట్టినవో నాకు ఎరుకలేదు." ఎరుక లేనివాడు పోతూ పోతూ, "ఐదు పెట్టెలేనా?" అన్నాడు.

శనివారం.
ఖాళీ చేయమన్నాను. "దొరవారికి తెలిస్తే మంచిగుండదు" అని గుమాస్తా బెదిరించాడు. సాయంత్రానికి వెనకగదికి తాళం వేసి మరిపెడ బస్సెక్కాడు. తాళంచెవి వాడితోనే పోయింది. భయంలో చెప్పులు మరిచాడు.

ఆదివారం.
వడగాలి. ఎవరూ రాలేదు.

సోమవారం.
మల్లయ్య వచ్చాడు, గడప దాటి లోపలికి రాలేదు. "నీ లెక్కల బుక్కులు ఇంటికి తీస్కపో సేటూ. సంఘపోళ్లు రేపటిదాంక ఆగుతమన్నరు." తీసుకుపోతే కాలుతుందని నాకు ముందే తెలుసంటారు బీమావాళ్లు అన్నాను. "గట్లయితే గా కోటాయన్నే పిలువు. పెట్టెల మీద కూసుంటడు." ఇద్దరం నవ్వాం. పన్నెండేళ్ల దుకాణం. నవ్వు ఎలా వచ్చిందో.

దశమి, మంగళవారం.
మబ్బు. పుస్తకాలు మూట కట్టాను. విప్పాను. మళ్లీ కట్టాను... వాళ్లు కాల్చితే రాదు. దీపం పడితే వస్తుంది. వెనకగది తలుపు కింద జానెడు సందు — ఇన్నేళ్లూ చూడనే లేదు. లాంతరు దించాను. చిమ్నీ తుడిచాను. నూనె