వారంటీలో తిరిగొచ్చిన ర్యామ్

బుధవారం, రాత్రి

ఉయ్యూరు నుంచి పద్మగారు మళ్ళీ నా కంప్యూటర్ రిపేరు షాపుకి వచ్చారు. ఆవిడ కంప్యూటర్‌లో చీరల అంచులకు డిజైన్లు గీసి నేతవాళ్ళకు ఇస్తారు. పోయిన నెల నేను వేసిన ర్యామ్ పాడైతే, డీలర్‌కు పంపి వారంటీ కింద కొత్తది తెప్పించాను. ఇప్పుడు దానితోనూ పని మధ్యలో మెషీన్ ఆగిపోతోంది. పెళ్ళి చీర డిజైన్ సగంలో పోయిందట.

ర్యామ్ తీసి చూస్తే స్టిక్కర్ అంచు లేచి ఉంది. గోటితో లాగాను. కింద ఇంకో స్టిక్కర్, దాని మీద నేను వెనక్కి పంపిన పాత ర్యామ్ సీరియల్ నంబరే.

డీలర్ రమేష్‌గారికి ఫోన్ చేశాను.

"కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఇచ్చానండీ. అసలు ఈ బ్రాండ్‌కి రిటర్న్సే ఉండవు, మీకొక్కరికే ఎందుకొస్తున్నాయో" అన్నారు.

అప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. రిటర్న్స్ నిజంగా ఉండవా, వచ్చినవాటికే స్టిక్కర్ మార్చి అంటగడుతున్నారా? మార్చింది ఈయనా, పైవాళ్ళా?

పద్మగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ కోప్పడలేదు.

"మరి ఇది మంచి బ్రాండని మీకెవరు చెప్పారండీ?" అని మాత్రం అడిగారు.

చెప్పింది రమేష్‌గారే. షాపులో ఉన్న వేరే కంపెనీ ర్యామ్ వేసి పంపాను. అదీ ఆయన దగ్గర కొన్నదే.