పేరు లేకుండా వెతకడం

జూన్ 3
శ్మశానం ఆఫీసులో నాది గుమాస్తా పని. మన వెబ్‌సైట్‌లో పేరు కొడితే తప్ప ఏ సమాధీ దొరకడం లేదు, బట్టలమ్మే సైట్లలోలా పక్కన టిక్కులు పెట్టు అన్నాడు సూపరింటెండెంటు. నాకు కోడ్ రాదు మొర్రో అన్నా వినలేదు.

జూన్ 5
వచ్చేసింది! ఒక్క అక్షరం కోడ్ రాయలేదు. సెట్టింగ్స్‌లో ఫిల్టర్ ఆన్ చేసి, ఏ వివరాల మీద కావాలో ఎంచుకుని, ఆ పెట్టెను పక్కకి లాగడమే. పోయిన సంవత్సరం, వరుస, ఆడా మగా, దేనికి టిక్ పెడితే దానికి జాబితా తగ్గుతుంది. ఎన్ని మిగిలాయో పక్కనే అంకె. సూపరింటెండెంటు పర్వాలేదన్నాడు. ఆ నోట ఆ మాట రావడమే గగనం.

పేరు లేని రికార్డులు నలభై ఒకటి తేలాయి. అన్నీ పుట్టగానే పోయినవాళ్లవి. తారీఖు, వరుస, చోటు నంబరు, ఆడో మగో, వయసు దగ్గర "పుట్టగానే" అని, అంతే. చూడ్డానికి బాగాలేవని సైట్లో కనబడకుండా చేశాను. పీడా వదిలింది.

జూన్ 6
అన్నం దగ్గర అత్తయ్య అడిగింది, మీ సైట్లో పేరు లేకుండా వెతకొచ్చా అని. పేరు లేనివాళ్లని ఎవరు వెతుకుతారత్తయ్యా అని నవ్వాను. ఆవిడ కంచం తీసుకుని లేచిపోయింది.

జూన్ 9
అత్తయ్య నాతో ముక్తసరిగా తప్ప మాట్లాడటం లేదు.

జూన్ 10, ఉదయం 6
మా ఆయన్ని నిలదీస్తే చెప్పాడు. తనకంటే ముందు ఒక ఆడపిల్ల పుట్టిందట. పుట్టగానే పోయిందట. అత్తయ్య ఇంకా ఆసుపత్రి మంచం మీదే ఉంటే మామయ్య తీసుకెళ్లి పూడ్చి వచ్చాడట. ఎక్కడని ఎంత అడిగినా మర్చిపొమ్మనేవాడట. ఇప్పుడు ఆయనా లేడు. ఆ పిల్ల పోయి ముప్ఫై ఎనిమిదేళ్లు.

నా నోరు పడిపోను! నవ్వాను కదా. పైగా ఆ పిల్లని నా చేత్తో నేనే దాచేశాను.

జూన్ 11
నలభై ఒకటీ మళ్లీ పైకి తెచ్చాను. వయసుకి కొత్త ఫిల్టర్ పెట్టాను. ఏమీ కనబడలేదు. కొత్త ఫిల్టర్ పెడితే ఇండెక్స్, అంటే సైటు చూసి వెతికే పట్టీ, మళ్లీ కట్టమనాలని చివరికి తెలిసింది. అదీ ఒక బటనే. నొక్కి, తెర మీద గీత పాకుతుంటే చూస్తూ కూర్చున్నాను.

వీటి గోల ఇప్పుడెందుకన్నాడు సూపరింటెండెంటు. చెప్పాను. లేచి వెళ్లి పాత రిజిస్టరు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఒక్కొక్కటీ సరిచూడు, తప్పు చోటు చూపిస్తే ఏ తల్లో ఇంకెవరి పిల్ల దగ్గరో కూర్చుని ఏడుస్తుంది అన్నాడు.

జూన్ 12
అత్తయ్య పక్కన కూర్చుని ముందు క్షమించమన్నాను. ఊరుకోవే, నీకేం తెలుసు అంది. ఫోను ఆవిడ చేతికే ఇచ్చాను. "పుట్టగానే" అన్నచోట టిక్ పెట్టింది. నలభై ఒకటి. సంవత్సరం పెట్టింది. ఆరు. ఆడ. రెండు. తారీఖు ఆవిడకి ఒకరు గుర్తు చేయక్కర్లేదు.

పద్నాలుగో వరుస, తొమ్మిదో చోటు. మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. పేరు గడి ఖాళీగా ఉంది, రాయమంటారా అన్నాను. పేరుందిట. సైటుకి మాత్రం చెప్పనంది.

జూన్ 14
పద్నాలుగో వరుస. అత్తయ్య కింద కూర్చుని నేలని జానలతో కొలిచింది. నాలుగు జానలు. చోటు బాగానే ఇచ్చారంది.