ఏడో బంకరు జోలికి వెళ్ళను

3వ తారీఖు, సోమవారం

ఇవాళ్టితో సరి! "బూడిద లోకం" వీడియో ఆటకి కొత్త ఎక్స్‌పాన్షన్, అంటే తరవాయి భాగం, ఎప్పుడొస్తుంది, అందులో ఏముంటుంది అని ఇక జన్మలో ఊహించను. జన్మంటే మరీ ఎక్కువేమో. కంపెనీవాళ్ళు నోరు విప్పి చెప్పేదాకా ఊహించను.

ఆ ఆటలో ప్రపంచం తగలబడిపోయి ఉంటుంది. మిగిలిన నలుగురూ నేలకింద బంకర్లలో బతుకుతుంటారు. బంకర్లు ఆరు. ఏడోది కూడా ఉందని నేనంటాను. కంపెనీ అనలేదు. అసలు రెండేళ్ళుగా ఉలుకూ పలుకూ లేదు. ఆ మౌనం మీదే ఫోన్లో మా అభిమానుల గుంపంతా బతుకుతోంది. గుంపులో నా పేరు దివ్యదృష్టి. నేను పెట్టుకున్నదే.

మానెయ్యడానికి కారణాలు:

ఒకటి. పోయినసారి "ఈ శుక్రవారమే విడుదల, రాసిపెట్టుకోండి" అన్నాను. రాసిపెట్టుకున్నారు. ఇప్పటికీ తీసి చూపిస్తున్నారు.

రెండు. కళ్ళద్దాల షాపులో కళ్ళు పరీక్ష చెయ్యడం నా ఉద్యోగం. కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్ళకీ నేను చెప్పే మొదటి మాట, "ఊహించకండి, కనిపించింది చెప్పండి." ఎందుకంటే జనం ఊహిస్తారు. అక్షరం కనిపించకపోయినా పరువుకోసం ఏదో ఒకటి అనేస్తారు. అలాంటి నేను మొన్న ఒక పెద్దావిడని "ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా?" అని అడగబోయి, "ఆరా, ఏడా?" అని అడిగాను. ఆవిడ "ఎనిమిది" అంది. మా ఓనరు విన్నాడు.

మూడు. మా ఆవిడ.

మా ఆవిడ బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు చెబుతుంది. బస్సు గేట్లోకి చక్రం పెడితే తప్ప వచ్చిందని చెప్పదు. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అట! లేని బంకరుకి నంబరు పెట్టడానికి సిగ్గులేదూ నీకు?" అంది.

ఉంది. అందుకే ఈ తీర్మానం. గుంపులోంచి బయటికొచ్చేశాను. ఎంత హాయి! ఇన్నాళ్ళూ ఎందుకు చెయ్యలేదో!

4వ తారీఖు, మంగళవారం

కొత్త మనిషినయ్యాను. ఫోను వంటింట్లో పెట్టి, ముగ్గురం కలిసి భోంచేశాం. మా అమ్మాయి పిచ్చుక (అసలు పేరు స్కూల్లో తప్ప ఎవరూ వాడరు) ఐదో తరగతికి వచ్చిందని తెలిసింది. నాలుగే అనుకుంటున్నాను.

దాని క్లాసు టీచరు ఫోన్ చేసింది. "బోర్డు మీద నేను వేసే లెక్క ఒకటి, మీ అమ్మాయి చేసే లెక్క ఇంకోటి సార్. ఇలాగే ఉంటే వచ్చే నెల వెనకబడ్డ పిల్లల సెక్షన్‌కి మార్చాల్సి వస్తుంది."

పిచ్చుక కంచంలోకి చూస్తూ కూర్చుంది. మా ఆవిడ అంది, "తెలివికేం తక్కువ దీనికి? పొగరెక్కింది, అంతే. రోజూ స్కూలునించి బస్టాండుకొస్తుందా, మైకు గదిలోంచి నేను చెయ్యి ఊపితే తిరిగి ఊపదు. చూసి చూడనట్టు పోతుంది." మళ్ళీ తనే, "ఎందుకైనా మంచిది, కళ్ళోసారి చూడు. ఊళ్ళోవాళ్ళందరికీ చూస్తావుగా" అంది.

ఆదివారం తీసుకెళతానని మాటిచ్చాను. ఇప్పుడు నాకు బోలెడంత తీరిక!

6వ తారీఖు, గురువారం

ఘోరం! రెండేళ్ళు నోరు మూసుకున్న కంపెనీ, నేను మానేసిన వారంలోనే ఒక ఫొటో పెట్టింది!

నేను వెతకలేదు. అద్దాలు సరిచేయించుకోవడానికి వచ్చిన కుర్రాడి ఫోన్లో కనిపించింది. కొంచెం మెడ చాచాల్సివచ్చింది. ఫొటో అంతా మసక. ఒక తలుపు. తలుపు మీద ఏదో గుర్తు. కింద ఒక్క అక్షరం లేదు.

చూశాను. అంతే. చూడటం వేరు, ఊహించడం వేరు.

ఏడు అది.

7వ తారీఖు, శుక్రవారం

గుంపులో మళ్ళీ చేరాను. ఊహించడానికి కాదు. ఊహించవద్దని నలుగురికీ చెప్పడానికి. మంచి అలవాటు మనకొక్కరికే ఉంటే ఏం లాభం?

చెప్పాను కూడా. "మిత్రులారా, తొందరపడి ఊహాగానాలు చెయ్యకండి. అది ఏడు."

9వ తారీఖు, ఆదివారం

మాటంటే మాటే. పిచ్చుకని షాపుకి తీసుకెళ్ళాను. కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూసి, చార్టు చదవమన్నాను. ఈలోగా గుంపులో తుప్పు అనేవాడు (వాడు పెట్టుకున్న పేరే, సరిగ్గా సరిపోయింది) "అది ఏడు కాదు, ఒకటి" అన్నాడు. జవాబివ్వకపోతే అబద్ధం నిజమైపోతుంది కదా. ఇస్తూనే విన్నాను.

పైనుంచి కిందిదాకా గడగడా చదివేసింది! రెండో కన్నుతోనూ అంతే. ఆఖరి వరస చదువుతున్నప్పుడైతే వంగి చెప్పుల బకిలు కూడా సర్దుకుంటోంది. అంత తేలిక దానికి. డేగకళ్ళు! నా పోలికే.

ఇంటికొచ్చి చెప్పాను. మా ఆవిడ అడిగింది, "చూసే చదివిందా?"

"చూడకుండా ఎలా చదువుతారే?"

"ఏమో. నువ్వు చూశావా?"

ఆడవాళ్ళకి అనుమానాలెక్కువ.

11వ తారీఖు, మంగళవారం

ఇది ఊహ కాదు, పరిశోధన. ఆధారాలు:

గుర్తు పైగీత అడ్డంగా ఉంది. ఒకటికి అడ్డగీత ఉండదు.

తలుపు ఎడమ మూల నల్లమచ్చ. మూడో బంకరులో కూడా నల్లమచ్చ ఉండేది. (అక్కడ మంట పెట్టింది నేనే. అయినా సరే.)

కంపెనీ పెద్దాయన మొన్నొక ఫొటోలో చేతివేళ్ళు ఊపాడు. ఒక చెయ్యి అయిదు, రెండో చేతిలో కప్పు పట్టుకున్న వేళ్ళు పోగా రెండు. కలిపితే?

తుప్పు ఒప్పుకోడు. గొర్రె తోక బెత్తెడే. శుక్రవారం మధ్యాహ్నం అందరి ముందూ లైవ్‌లో తేల్చుకుందామన్నాడు. సరే అన్నాను! షాపుకి ఒంట్లో బాగాలేదని చెబుతాను. అబద్ధమేం కాదు, రెండు రోజులుగా నిద్రలేదు.

14వ తారీఖు, శుక్రవారం, మధ్యాహ్నం

గెలిచాను! తలుపేసుకుని, కంప్యూటరు ముందు చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఫోన్ సైలెంట్‌లో పడేసి కూర్చున్నాను. వెయ్యిమందికి పైగా చూశారు. "మసకలో కూడా నిజం చూడగలిగినవాడే ద్రష్ట" అన్నాను చివర్లో. ఎవరో అది నా బొమ్మ కింద అచ్చువేసి పెట్టారు.

ఫోన్ తీశాను. మా ఆవిడ నుంచి లెక్కలేనన్ని మిస్డ్ కాల్స్.

అదే రోజు, సాయంత్రం

పిచ్చుక దొరికింది. ముందు అది రాయాలి.

రోజూ స్కూలు ముందు పదకొండో నంబరు బస్సెక్కి వాళ్ళమ్మ దగ్గరికి వెళ్తుంది. ఇవాళ డెబ్భై ఒకటి ఎక్కింది. అది బస్టాండుకి పోదు, ఊరి అవతల డిపోకి పోతుంది. వేళకి పిల్ల రాకపోయేసరికి మా ఆవిడ నాకు చేసింది, చేసింది. నేను ద్రష్టనై కూర్చున్నాను. అప్పుడు మైకులోనే, బస్సుల మధ్యలో, కూతురి ఆనవాళ్ళు చెప్పింది. నీలం గౌను, రెండు జడలు, పేరు అడిగితే పిచ్చుక అంటుంది. చెబుతుంటే గొంతు ఆగిపోయిందట. ఆవిడ గొంతు మైకులో ఆగడం ఇదే మొదటిసారని డ్రైవర్లు అన్నారు.

డిపోలో కండక్టరు క్యాంటీన్ బల్ల మీద కూర్చోబెట్టి బన్ను పెట్టింది. నేను వెళ్ళేసరికి పిల్ల ఏడవడం కూడా అయిపోయింది.

"డెబ్భై ఒకటికీ పదకొండుకీ తేడా తెలీదటే?" అన్నాను.

"తెలుసు నాన్నా. బస్సు మసగ్గా ఉంది."

"మరి మొన్న చార్టంతా చదివావుగా?"

"అది నాకు నోటికొచ్చు. చిన్నప్పట్నించీ షాపులో దానికిందే కూర్చుని హోంవర్కు చేశానుగా."

"కనిపించట్లేదని చెప్పొచ్చు కదమ్మా!"

"నువ్వు ఫోన్లో తొందరలో ఉన్నావు. అద్దాలొస్తే సోడాబుడ్డి అంటారని కూడా…"

ఏడా, ఒకటా అని వెయ్యిమంది ముందు అరిచాను. అక్కడ నా కూతురు ఏడుని ఒకటనుకుని తప్పు బస్సెక్కింది. చెంపలు వాయించుకోవాలనిపిస్తోంది. ఇంకేం రాయను.

15వ తారీఖు, శనివారం

షాపులో పాత చార్టు తీసేశాను. కొత్తది పెట్టి, ఫోన్ ఓనరు చేతికిచ్చి, పిచ్చుక కళ్ళలోకి చూస్తూ అడిగాను. రెండో వరస దాటలేదు. మూడో వరస దగ్గర నా మొహం చూసి ఏదో ఒకటి చెప్పబోయింది.

"ఊహించకు తల్లీ. కనిపించకపోతే కనిపించట్లేదని చెప్పు. నాకేం కోపం రాదు."

"కనిపించట్లేదు" అంది. ఎంత తేలిగ్గా ఊపిరి వదిలిందో.

మా ఆవిడ ఇవాళ అంది, "బస్సు రాకపోతే రాలేదని వందమందికి చెబుతాను. పిల్లకి కళ్ళు కనిపించట్లేదని చెప్పేవాడు మాత్రం నా ఇంట్లో లేకపోయాడు. దీపం కింద చీకటి."

గుంపులోంచి మళ్ళీ బయటికొచ్చాను.

18వ తారీఖు, మంగళవారం

అద్దాలొచ్చాయి. ఎర్ర ఫ్రేము. తనే ఏరుకుంది. "సోడాబుడ్డి అంటే ఏం చేస్తావ్?" అని అడిగితే, "అన్నవాడి మొహం ఇప్పుడు కనిపిస్తుందిగా" అంది.

బస్టాండుకి తీసుకెళ్ళాను. ప్లాట్‌ఫాం మీద నిలబడగానే పైన మైకు గది అద్దంలోంచి వాళ్ళమ్మ చెయ్యి ఊపింది. పిచ్చుక ఠక్కున ఆగిపోయింది.

"అమ్మ రోజూ ఇలాగే ఊపేదా నాన్నా?"

"రోజూ."

రెండు చేతులూ ఎత్తి ఊపింది. ఎగిరెగిరి ఊపింది. ఆ తర్వాత రావాల్సిన బస్సు కాసేపటిదాకా ప్రకటించలేదు. నేను కిందనుంచి అద్దంలోకి చూశాను. మా ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంటోంది.

20వ తారీఖు, గురువారం

పిచ్చుక జామ్ రాసిన రొట్టె తింటూ అద్దాలు సర్దుకుంది. తర్వాత గావుకేక.

"నాన్నా! నీ ఏడో బంకరు!"

పరుగెత్తాను. అద్దాల మీద జిడ్డు వేలిముద్ర. "ఇలా పెట్టుకుని మన వంటింటి తలుపు చూడు" అంది. చూశాను. తలుపు మసక. మూల నల్లమచ్చ. పిడి పక్కన, వంకరగా, అడ్డగీతతో సహా, ఏడు. అద్దాలు తుడిచి చూస్తే ఉత్త గడియ.

రోజుకి వంద అద్దాలు తుడుస్తాను నేను. వేలిముద్ర పడితే లోకం ఎలా కనిపిస్తుందో నాకంటే బాగా తెలిసినవాడు ఆ వెయ్యిమందిలో లేడు. గుంపులో చెప్పెయ్యాలా? చెబితే దివ్యదృష్టి పరువు గంగలో కలుస్తుంది. ఎలాగూ గుంపులో లేను. లేనివాడు ఎలా చెబుతాడు? మానేశాను.

22వ తారీఖు, శనివారం

కంపెనీయే చెప్పేసింది. "క్షమించండి. అది మా ఆఫీసు వంటగది తలుపు. కొత్త ఉద్యోగి పొరపాటున పెట్టాడు. లెన్సు తుడవలేదు."

జనం ఎలా తీసుకున్నారో చూద్దామని గుంపులో చేరాను. అది ఓదార్పు. ఊహ కాదు.

ఒక్కొక్కరే ఏడుపు బొమ్మలు పెడుతున్నారు. పాపం అనిపించింది. తర్వాత తుప్పు రాశాడు, "ఇంతకీ ఆ వేలిముద్రలో గీతలెన్ని? ఎవరైనా లెక్కపెట్టారా?"

పిచ్చివాడు! ఇంతమంది బుద్ధి ఇంతేనా! వేలిముద్రలో గీతలు లెక్కపెడతారా ఎవరైనా?

ఆరు స్పష్టంగా ఉన్నాయి. ఏడోది సగం.

23వ తారీఖు, ఆదివారం

ఇవాళ్టితో సరి! నిజంగా! కుక్క తోక అనుకున్నా సరే, మళ్ళీ మొదటినుంచి మొదలుపెడుతున్నాను. సాక్షిగా ఉండమంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. "నువ్వు వచ్చినప్పుడు ప్రకటిస్తాలే" అంది. పిచ్చుక ఒప్పుకుంది. షరతు ఒకటే. కంపెనీ ఏ బొమ్మ పెట్టినా ముందు అదే చూస్తుంది. నేను చూడను.

పొద్దున్నే ఒకటి పెట్టారు. పరీక్షే! ఫోన్ దానికిచ్చి, నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను.

"ఏముందమ్మా?"

అద్దాలు తీసి, గౌనుకి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది.

"కనిపించింది చెప్పనా నాన్నా, నీక్కావలసింది చెప్పనా?"

చార్టు ముందు కూర్చుని అది నాకు కావలసిందే చెప్పింది మరి.

"కనిపించిందే చెప్పు. ఎప్పుడూ."

"నల్లగా ఉంది. మధ్యలో 'త్వరలో' అని ఉంది. అంతే."

అంతే అయితే అంతే. గుంపులోంచి దాని చేతే బయటికి వచ్చేశాను. ఇద్దరం బస్టాండుకి బయల్దేరుతున్నాం, వాళ్ళమ్మకి చెయ్యి ఊపడానికి. పదకొండో నంబరు అదే చూసి ఎక్కిస్తానంది.

దారిలో ఒక్కటే అడుగుతాను. మామూలు నలుపేనా అని.