నలభై ఒకటో రికార్డింగు

గోదావరిఖని,
ఆదివారం మధ్యాహ్నం.

అత్తమ్మకు,

నీ కోడలు మమత దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేనూ సాత్వికా ఆరోగ్యంగా ఉన్నాం. నస్పూర్‌లో నువ్వు, స్వరూప వదినె, అన్నయ్య, భావ్య కూడా అట్లాగే ఉన్నారని నమ్ముతున్నాను, నీ కన్ను సంగతి తప్ప. ఈ ఉత్తరం దాని గురించే. కానీ ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు చెప్తాను. లేకపోతే "అడిగింది చెప్పదు, ఏందేందో రాస్తది" అంటావు.

సాత్వికకు పాలపన్ను ఊడినచోట ముందు పన్ను వచ్చింది, కాస్త వంకరగా. అచ్చం వాళ్ళ నాన్న పన్నే. అద్దె ఇంటి గోడ పగులు ఇంకా పెరిగింది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో పేలుళ్ళు జరిగినప్పుడల్లా గిన్నెలు గలగలలాడుతాయి, పగుల్లోంచి సున్నం రాలుతుంది. ఇంటాయన సిమెంటు పూయిస్తానన్నాడు. నువ్వు పంపిన మామిడి తొక్కు పచ్చడి అయిపోవచ్చింది.

నా నౌకరి గురించి అడిగావు. చౌరస్తా దగ్గరి సూపర్‌మార్కెట్‌లోనే ఉన్నాను. కాకపోతే ఇప్పుడు బిల్లు కౌంటరు మీద కాదు, ఫ్లోర్ సూపర్‌వైజర్‌ని. పోయిన సోమవారం నుంచే. కరీంనగర్ నుంచి పెద్ద మేనేజరు వచ్చి ఇంగ్లిష్‌లో ప్రశ్నలు అడిగాడు. సరుకు ఎట్లా వస్తుంది, ఏది ముందు అమ్మాలి, పాడైనదాన్ని ఏం చేయాలి. నాకు వచ్చినంత చెప్పాను. "ఎక్కడ నేర్చుకున్నారమ్మా?" అని అడిగాడు. మంథని రమామణి టీచరు దగ్గర అన్నాను. రిటైరయ్యాక ఆమె ఇక్కడే ఉంటూ షాపుల్లో పనిచేసేవాళ్ళకు వ్యాపారపు ఇంగ్లిష్ చెప్తున్నది. నేను చెప్పినది అబద్ధం కాదు. కానీ సగమే నిజం.

మిగతా సగం నీకు ఎప్పుడూ చెప్పలేదు. నీ కొడుకు ఫోను నా దగ్గరే ఉంది కదా. నువ్వు చాలాసార్లు అడిగావు, "నా కొడుకు గొంతు గిట్ల ఏమన్న ఉన్నదా బిడ్డా దాంట్ల" అని. లేదన్నాను. ఉంది అత్తమ్మా. నలభై ఒక్క రికార్డింగులు ఉన్నాయి.

తనతో పనిచేసే ఆగయ్య కాకకు బొగ్గు బాయిలో దెబ్బ తగిలి కాలు తీసేసిన తర్వాత నీ కొడుకు మనసు విరిగింది. నీకు చెప్పలేదు కానీ బాయి పని వదిలేసి ఏదైనా పెద్ద దుకాణంలోనో డిపోలోనో చేరాలనుకున్నాడు. దానికి ఇంగ్లిష్ మాటలు కావాలని ఎవరో చెప్పారు. ఒక పుస్తకం కొనుక్కొచ్చి, షిఫ్టు నుంచి వచ్చి స్నానం చేశాక ఫోన్‌లో చదివి పెట్టుకునేవాడు. "రీటెయిల్ అంటే విడిగ అమ్ముడు. హోల్‌సేల్ అంటే మొత్తంగ అమ్ముడు. డిమాండ్ అంటే గిరాకి." ఆ గొంతు వెనక కుక్కర్ కూత, సాత్విక ఏడుపు, నీ దగ్గు. ప్రతి పాఠం చివర "ఇగ నువ్వు చెప్పు జూద్దాం" అని ఒక మాట అడుగుతాడు. జవాబు కోసం కాసేపు ఆగుతాడు. ఆ తర్వాత "కరెక్ట్" అంటాడు. తనకు తనే పరీక్ష పెట్టుకునేవాడు.

టీచరు పాఠం మొదలుపెట్టాక నేను ఆ ఫోను తీశాను. అన్నం వండుతూ వినేదాన్ని. ఆయన ఆగినచోట నేను జవాబు చెప్పేదాన్ని. తప్పు చెప్పినా "కరెక్ట్" అనేవాడు. ఒకరోజు విని విని నవ్వు వచ్చింది. వెంటనే మధ్యాహ్నపు పేలుడుకు ఇల్లు కదిలింది. ఫోన్‌లో కూడా అదే నిమిషానికి అలాంటి పేలుడే వినిపించింది, ఆయన "గిన్నె పడ్డది జూడు" అన్నాడు. చూస్తే నిజంగానే గట్టు మీది గిన్నె కింద పడి ఉంది. ఆ రోజు మళ్ళీ వంటింట్లోకి వెళ్ళడానికి భయమేసింది.

తర్వాత ఫోను లేకుండా కూడా వినిపించడం మొదలైంది. షాపులో సరుకు లెక్క చూస్తుంటే కాగితంలో పన్నెండు నూనె డబ్బాలు ఉన్నాయి, షెల్ఫులో పది. దానికి ష్రింకేజ్ అని పేరు. ఆ మాట టీచరు చెప్పకముందే నా వెనక ఆయన చెప్పాడు: "కాగితంల ఉంటది, షెల్ఫు మీద ఉండది. ఎటు పోయిందో ఎవ్వలకు తెల్వది." వెనక్కి తిరిగి చూశాను. సబ్బుల వరసలో మనిషి లేడు. పక్కన సరుకు సర్దుతున్న పూలమ్మ "ఎవల జూస్తున్నవక్కా" అని అడిగింది. ఎవరూ లేరన్నాను. ఇంట్లో రేషను కార్డులో ఆయన పేరు ఇంకా అట్లాగే ఉంది.

నలభై రికార్డింగులు ఎన్నోసార్లు విన్నాను. ఆఖరుది మాత్రం మూడేళ్ళు తెరవలేదు. అందులో ఏముందో నాకు తెలుసు.

ఇప్పుడు నీ ఉత్తరం. భావ్యతో రాయించావు: "నాకు రెండో కన్ను ఆపరేషన్ వద్దు. ఒక్క కన్నుకే నా కొడుకును పోగొట్టుకున్న. నా కంటికి సెలవులు పెట్టిండు, అందుకే ఆ దినం సెలవు లేక బాయిలకు దిగిండు. చీకటైతే కానియ్యిరి." కింద భావ్య తన మాటగా రాసింది, శుక్లం ముదిరిపోయిందని, ఈ గురువారం ఆపరేషన్‌కు రమ్మన్నారని, ఇంకా ఆలస్యమైతే చూపు పూర్తిగా పోవచ్చని డాక్టరు చెప్పాడని.

భావ్యా, ఇక్కడి నుంచి ఒక్క వాక్యం కూడా దాటేయకు. అమ్మమ్మ వద్దన్నా చదువు. నాకు కోపం రాదు.

అత్తమ్మా, ఆయనకు సెలవులు ఉన్నాయి. నీ కంటికి వాడినవి పోగా ఇంకా మూడు ఉన్నాయి. ఆ దినమే కరీంనగర్‌లో ఒక డిపోవాళ్ళు ఇంటర్వ్యూకి రమ్మన్నారు. చొక్కా ఇస్త్రీ చేసుకుని సెలవు కాగితం కూడా రాసి పెట్టుకున్నాడు. ముందురోజు సాయంత్రం కూర్చుని ఆఖరి పాఠం చదువుతున్నాడు. ఆ సాయంత్రం నువ్వు గుడి దగ్గరికి పోయావు.

మా షాపుకు పెద్ద మేనేజరు రావడానికి ముందురోజు ఆ ఆఖరి రికార్డింగు తెరిచాను. టీచరు ఆపర్చునిటీ కాస్ట్ అనే మాట చెప్పింది, నాకు ఎంతకీ అర్థం కాలేదు. ఆయన పాఠంలో ఆ మాట ఉందని గుర్తుంది. సాత్విక బడికి పోయాక తలుపు వేసుకుని విన్నాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"ఆపర్చునిటీ కాస్ట్. ఒకటి కావాల్నంటె ఇంకోటి ఇడిసిపెట్టాలె. గా ఇడిసిపెట్టినదాని ఖరీదు."

ఆ తర్వాత నా గొంతు, వంటింట్లోంచి. "పర్మనెంట్ నౌకరి ఇడిసిపెట్టి దుకాణంల సంచులు మోస్తవా? మా అన్నలకు ఏమని చెప్పాలె?"

"మమతా, రెండు దినాల సంది బాయిల దిగబుద్ధి అయితలేదు. పైకప్పు దిక్కు జూస్తే గుండె దడదడ అంటాంది."

"అందరు దిగుతలేరా? నీకొక్కనికేనా భయం? ఆడోళ్ళ లెక్క జెయ్యకు. రేపు డ్యూటీకి పో."

తర్వాత జవాబు కోసం ఆగినట్టే ఆగాడు. వింటున్న నేను ఈ గదిలో నిలబడి "పోకు" అన్నాను. గట్టిగానే అన్నాను, పక్కింటి ఆమె గోడ తట్టింది. ఫోన్‌లో మాత్రం ఆయన "సరె తియ్, పోత" అన్నాడు. అక్కడితో అయిపోయింది. ఈసారి కరెక్ట్ అనలేదు.

ఆ మర్నాడు పొద్దున మొదటి షిఫ్టుకు టిఫిను నేనే కట్టిచ్చాను. సెలవు కాగితం చింపి పొయ్యి పక్కన పెట్టాను. పదకొండు గంటలకు బాయిలో కప్పు కూలిందని ఆయన షిఫ్టు సదయ్య వచ్చి చెప్పాడు.

నువ్వు శవం మీద పడి "నా కన్నే నిన్ను మింగింది బిడ్డా" అని ఏడ్చినప్పుడు నేను నీ పక్కనే ఉన్నాను. అందరూ విన్నారు. నేను నోరు విప్పలేదు. ఆ రోజు విప్పలేకపోయానంటే అర్థం ఉంది. పదకొండో రోజు విప్పలేదు. ఏడాది మాసికం రోజు నువ్వు కంట్లో చుక్కలు వేసుకోనంటే స్వరూప వదినె నిన్ను తిట్టింది, అప్పుడూ విప్పలేదు. ఆయన బదులు బాయి కంపెనీలో నాకు ఇస్తామన్న ఉద్యోగం ఎందుకు వద్దన్నానని అడిగావు కదా. ఆ గేటు ముందు నిలబడితే నేను ఆయనను పంపిన సంగతి అందరికీ తెలిసిపోతుందని భయం. నీ మీద నింద ఉన్నన్నాళ్ళు నా వైపు ఎవరూ చూడరని నాలో ఎక్కడో ఉండేది. ఇది రాయడానికే సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

ఫోన్‌లో ఎందుకు చెప్పలేదంటావేమో. నీ గొంతు వినగానే నేను మాట మార్చేస్తాను. మూడేళ్ళు అదే చేశాను.

నన్ను క్షమించమని అడగడం లేదు. ఆయన గొంతు నీది కూడా. నలభై ఒకటీ చిన్న మెమొరీ కార్డులోకి ఎక్కించి ఈ కవరులోనే పెట్టాను, భావ్య తన ఫోన్‌లో వేస్తుంది. నీ దగ్గు కూడా అందులో వినిపిస్తుంది. ఆఖరుది వింటావో లేదో నీ ఇష్టం. ఇప్పుడు ఆయన మాటలు నాకు షాపులో వినిపించడం లేదు. నలభై ఒకటోది విన్నప్పటి నుంచి ఒక్క మాట కూడా లేదు. దానికి సంతోషించాలో ఏడవాలో తెలియడం లేదు.

గురువారానికి సెలవు పెట్టాను. మొదటి బస్సుకు సాత్వికను తీసుకుని నస్పూర్ వస్తాను. ఆపరేషన్‌కు మాత్రం పో అత్తమ్మా. ఆ కన్ను చేసిన పాపం ఏమీ లేదు. నాతో రావడం ఇష్టం లేకపోతే స్వరూప వదినెతో ఆటోలో వెళ్ళు, నేను వెనక ఇంకో ఆటోలో వస్తాను. దవాఖానలో బయట బల్ల మీద కూర్చుంటాను. కట్టు విప్పేటప్పుడు నీ ఎదురుగా నేను ఉండాలో వద్దో, నువ్వే భావ్యతో చెప్పి పంపు.

ఇట్లు,
నీ కబురు కోసం చూసే కోడలు,
మమత