మామయ్యగారి బండి, నా మరమ్మతు

1వ తేదీ, గురువారం. ఉదయం 6:10
కొత్త డైరీ. కొత్త టెస్టర్. కొత్త నిర్ణయం!

మామయ్యగారు కిందటి నెల నాకిచ్చిన పాత మోటార్ సైకిల్ లైట్ల సంగతి నేనే తేలుస్తాను. పది రోజుల్లో. ఒంటిచేత్తో. మెకానిక్ నీడ కూడా దానిమీద పడనివ్వను.

కారణం: హెడ్‌లైట్ మిణుకుమిణుకుమంటోందని నిన్న మా ఆవిడ వాళ్ల నాన్నతో ఫోన్లో నోరు జారింది. "పదకొండో తేదీ ఆదివారం వస్తాను, చీకటి పడే వేళకి ఆ బండెక్కుతాను. లైట్లు వెలగలేదో, పెద్దల్లుడికి ఇచ్చేస్తా. అతను ఎప్పట్నుంచో అడుగుతున్నాడు" అన్నారట.

పెద్దల్లుడంటే నా తోడల్లుడు. ఆయనకు కారుంది. నాకున్నది ఈ బండి ఒక్కటే. పొద్దున్నే అది దగ్గే దగ్గు కూడా నాకిష్టం. వదులుకోను గాక వదులుకోను!

అయినా నేనెవర్ని? పద్నాలుగేళ్లుగా ఎనిమిదో తరగతికి విద్యుత్ పాఠం చెబుతున్న సైన్సు మాస్టార్ని. బ్యాటరీ, స్విచ్చి, బల్బు. కళ్లు మూసుకుని బోర్డుమీద గీస్తాను.

2వ తేదీ, శుక్రవారం. సాయంత్రం 5:20
హెడ్‌లైట్ విప్పాను. లోపల పదిహేడు తీగలు. అన్నిటిదీ ఒకటే రంగు, మట్టి రంగు.

5:50. కంగారేం లేదు. ప్రతి తీగకీ చీటీ అంటించాలి. ఇంట్లో ఉన్నవి నోటు పుస్తకాలకు వేసే చీటీలే. "పేరు: బ్రేకు లైటు. తరగతి: వెనక. రోల్ నంబరు: 9." బండి మొత్తం బడిలో చేరింది. చూడముచ్చటగా ఉంది!

3వ తేదీ, శనివారం. సాయంత్రం 6:00
కొత్త బల్బు వేశాను. పాతదానికంటే కొంచెం మసకగా వెలిగింది. గుడ్డికన్నా మెల్ల మేలు.

"ఈమధ్య బల్బులు సరిగ్గా చేయడంలేదోయ్" అన్నాను.

"ఆడలేక మద్దెల ఓడన్నాడట" అంది మా ఆవిడ, పొయ్యి దగ్గర్నుంచి తల కూడా తిప్పకుండా.

వీధి చివరి మెకానిక్ ఇంటికి పోతూ ఆగాడు.
"మాస్టారూ, ఓసారి చూడమంటారా?"
"అక్కర్లేదు."
"పోనీ, ఒక ముక్క చెప్పనా?"
"అదీ అక్కర్లేదు."

4వ తేదీ, ఆదివారం. ఉదయం 9:00
దొంగతనం బయటపడింది! వెనక లైటుకి ఒకే తీగ ఉంది. నా పాఠంలో ప్రతి బల్బుకీ రెండు. రెండో తీగ ఎవడో పీక్కుపోయాడు.

10:15. ఎవడూ పీకలేదు. ఇనప చట్రమే రెండో తీగ. వెళ్లిన కరెంటు చట్రంలోంచే బ్యాటరీకి తిరిగొస్తుంది. ఈ విషయం ఇంట్లో చెప్పలేదు.

10:30. చట్రానికి ఇంత పనుందన్నమాట! మరి అదేమో తుప్పుపట్టి ఉంది. అన్నీ విప్పి, గీకి, నల్ల పెయింట్ వేయాల్సిందే.

సాయంత్రం 5:45. వేశాను. రెండుసార్లు. బోల్టులు కూర్చునే చోట కూడా వేలెడు ఖాళీ వదల్లేదు. పనంటే అలా ఉండాలి.

6వ తేదీ, మంగళవారం. సాయంత్రం 6:20
పెయింట్ ఆరింది. అన్నీ బిగించాను. ఎదురింటావిడ "కొత్తది కొన్నారా?" అంది! ఛాతీ ఉబ్బింది.

6:25. హెడ్‌లైట్ మిణుగురు. హారన్ నొక్కితే హారన్ మోగలేదు, ఇండికేటర్లు వెలిగాయి. బ్రేకు తొక్కితే ఉన్న మిణుగురూ ఆరిపోయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

7వ తేదీ, బుధవారం
ఈరోజు వీలుపడలేదు. పరీక్ష పేపర్లు దిద్దాలి.

8వ తేదీ, గురువారం. సాయంత్రం 5:00
మబ్బు పట్టింది. నడుం నొప్పి. టెస్టర్ కనిపించడంలేదు (వెతకలేదు).

"మీ నాన్నని పొద్దున్న పూట తిప్పితే పోలా? పగలు లైట్లెందుకు?" అన్నాను.

"ముప్పై ఏళ్లు డిపోలో బస్సులకి వైరింగ్ చేసిన మనిషండీ ఆయన. ఒక్క ఫోన్ చేసి అడగొచ్చుగా!"

"పరీక్ష రాసేవాడు పేపరు దిద్దేవాణ్ని పట్టుకుని జవాబు అడుగుతాడా?"

ఆమె కూరగాయల కత్తి పక్కన పెట్టి నన్ను కాసేపు చూసింది.

9వ తేదీ, శుక్రవారం. రాత్రి 7:30
తోడల్లుడు ఫోన్ చేశాడు. "ఏం తమ్ముడూ, బండి కులాసానా? మా కారు పక్కన చోటు ఖాళీ చేయించా." అన్నం సయించలేదు.

10వ తేదీ, శనివారం. సాయంత్రం 5:30
ఒప్పుకుంటున్నాను. నా వల్ల కాదు. బండిమీద దుప్పటి కప్పి మెకానిక్ దగ్గరికి తోసుకెళ్లాను. దుప్పటి కప్పితే ఎవరూ గుర్తుపట్టరనుకున్నాను.

షాపు మూసి ఉంది. తలుపుమీద సుద్దముక్కతో: "చెల్లి పెళ్లి. సోమవారం వస్తాను."

6:10. వెనక్కి తోసుకొచ్చాను. దారి పొడుగునా నలుగురు పలకరించారు. "లైట్లా మాస్టారూ?" అన్నారు నలుగురూ.

11వ తేదీ, ఆదివారం. రాత్రి 8:00
మామయ్యగారు నాలుగున్నరకే వచ్చారు. ఆయన తాళం చెవి అందుకోకముందే నిజం చెప్పేశాను. ఆయన చట్రం మీద అరచెయ్యి వేసి నిమిరారు.

"పెయింట్ బ్రహ్మాండంగా ఉంది. బోల్టుల కింద కూడా వేశావా?"

"రెండుసార్లు వేశానండీ!"

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. నవ్వలేక మెట్టుమీద కూలబడ్డారు. తర్వాత ఒక తీగ ముక్క తీసుకుని ఒక కొస బ్యాటరీ మైనస్‌కీ, ఇంకో కొస హెడ్‌లైట్ డొప్పకీ ఆనించారు. ఎదురు గోడంతా వెలుగు!

"బల్బు మంచిదే, తీగలూ మంచివే. కరెంటు ఇంటికి తిరిగొచ్చే దారికి నువ్వు తలుపేశావు అల్లుడూ. తుప్పు సగం ఆపితే, నీ పెయింట్ దాదాపు పూర్తిగా ఆపింది."

రెండు బోల్టులు విప్పి, వాటి కింది పెయింట్ గరుకు కాగితంతో గీకి, బిగించారు. అంతే. నాలుగు నిమిషాలు. హారన్ కొడితే గోడమీది పిల్లి కిందికి దూకింది.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "అన్నయ్యగారికే ఇచ్చేయండి మామయ్యగారూ" అన్నాను.

ఆయన చేతులు తుడుచుకుంటూ, నా వైపు చూడకుండా చెప్పారు. "అతనికిస్తే మర్నాడే మంచి మెకానిక్‌కి అప్పజెబుతాడు. బండి బాగుంటుంది. ఇక నాకేం పని? నువ్వైతే చెడగొడతావు, చెడగొట్టి నాకు ఫోన్ చేస్తావనుకున్నా. నెలరోజులు చూశా. పెద్దల్లుడి పేరు చెప్పి బెదిరించినా చెయ్యలేదు నువ్వు."

సిగ్గేసింది. సంతోషమూ వేసింది.

చీకటి పడుతుండగా బయల్దేరాం. ఆయన నడిపారు, నేను వెనక కూర్చున్నాను. కనపడిన ప్రతి కరెంటు స్తంభానికీ హారన్ కొట్టారు.

12వ తేదీ, సోమవారం. ఉదయం 6:10
కొత్త పేజీ. కొత్త నిర్ణయం!

ఇకనుంచి ప్రతి ఆదివారం మామయ్యగారు వస్తారు. ఇద్దరం కలిసే బండి పని చేస్తాం. ఆయన పక్కన లేకుండా స్క్రూడ్రైవర్ ముట్టను. ఒట్టు!

6:40. బండి చూసొచ్చాను. హెడ్‌లైట్, హారన్, బ్రేకు లైటు, ఇండికేటర్లు, అన్నీ దివ్యంగా ఉన్నాయి. వెతికినా ఒక్క లోపం లేదు. ఆదివారం ఆయన వచ్చి ఏం చేస్తారు?

6:45. నిర్ణయానికి చిన్న సవరణ. శనివారం సాయంత్రం లోపు దానంతటది ఏదీ చెడిపోకపోతే, వెనక లైటు తీగ నేనే వదులు చేస్తాను.