ఇటుక కాపడం

చిలకలూరిపేట,
12 ఫిబ్రవరి 2003.

ప్రియమైన అక్కకు,

ఫెబా వందనాలు. దేవుని దయవల్ల అమ్మా, నేనూ బాగున్నాం. నాన్న కూడా బాగున్నాడని రాసి రెండు కాగితాలు చించేశాను. నెల్లూరులో నీ నర్సింగ్ పరీక్షలు ఎలా రాశావు?

నువ్వడిగినవి ఒక్కొక్కటే చెబుతా. నాన్న చుట్ట మానేసి పదిహేను రోజులైంది. మానకపోతే కాలి రక్తనాళాలు పూర్తిగా మూసుకుపోతాయని గుంటూరు డాక్టరుగారు తిట్టారు. మాత్రలు వేసుకుంటున్నాడు. రోజూ నడవమన్నారని మొదట్లో జిన్నింగ్ మిల్లు దాకా వెళ్లేవాడు. పిక్క పట్టేస్తే కరెంటు స్తంభం పట్టుకుని నిలబడి, నొప్పి తగ్గాక మళ్లీ నడిచేవాడు.

"ఏరా తోమా, స్తంభాలు లెక్కపెడుతున్నావా?" అని జోసఫ్ మావయ్య ఎగతాళి చేశాడొకసారి.

"అవున్రా, ఒకటి తగ్గింది. నువ్వు గానీ ఎత్తుకుపోయావా?" అన్నాడు నాన్న.

పుండు పడ్డాక ఆ నడకా లేదు. మడమ కింద నల్లగా అయిపోయింది. చుట్టూ చీము. చచ్చిన ఎలుక కంపు అక్కా. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే అదే వాసన. నా యూనిఫాంకి కూడా అంటిందేమోనని క్లాసులో మాధురి పక్కన కూర్చోవడం మానేశాను.

"చెప్పు కరిస్తే మడమ అడుగున పుండెలా పడుతుందే?" అని రాశావు. ఆ ఒక్కదానికే ఇన్నాళ్లూ జవాబు రాయలేదు.

చెప్పు కరవలేదక్కా. నేనే కాల్చాను.

అమ్మ మిరపకోతలకి పోతూ, "నాన్న కాలు చల్లగా ఉంటోంది, నూనె రాసి రుద్దవే" అని చెప్పి వెళ్లేది. ఆ కాలు పట్టుకోవడం నావల్ల కాలేదు. వెంట్రుకలన్నీ రాలిపోయి, నున్నగా మెరుస్తూ, గోళ్లు పచ్చగా దళసరిగా ఉంటే, చచ్చిన చేపని ముట్టుకున్నట్టుండేది. అందుకని నాయనమ్మ నడుముకి పెట్టినట్టే ఇటుక కాల్చి, గుడ్డ చుట్టి, మడమ కింద పెట్టి, వెళ్లి చదువుకుంటూ కూర్చున్నాను. వచ్చి చూస్తే చర్మం బొబ్బెక్కి ఉంది. నాన్న హాయిగా నిద్రపోతున్నాడు. ఆ కాలికి వేడి తెలియలేదు.

డాక్టరుగారి కాగితం ఇంగ్లీషులో ఉంటే ఇంట్లో చదివేది నేనే కదా. మాత్రల పేర్లు చదివి మడిచి పెట్టేశాను. కాలికి వేడి తగలనివ్వొద్దని కింద రాసే ఉంది. బొబ్బ లేచాక చదివాను. కొత్త చెప్పు కరిచిందని చెబితే అందరూ నమ్మారు. అమ్మ ఆ చెప్పులు కాలవలో పారేసింది. నామీద నాకే రోత పుట్టింది, అయినా నోరు విప్పలేదు.

ఇవాళ పొద్దున అమ్మ తనే పొయ్యి మీద ఇటుక పెట్టింది. "కాలు మరీ చల్లబడింది, కాపడం పెడితే రక్తం ఆడుద్ది" అంటోంది. నేను చెంబుడు నీళ్లు దానిమీద కుమ్మరించాను.

"ఒసేయ్, దెయ్యం పట్టిందా నీకు?"

అప్పుడు మొత్తం చెప్పేశాను. అమ్మ చెయ్యెత్తింది. నాన్న మంచం మీంచే "ఆగెహె" అని అరిచి, నన్ను దగ్గరికి పిలిచాడు.

"నా కాలంటే అంత అసహ్యమా అమ్మాయ్?"

కాదు అనబోయాను.

"అవును నాన్నా."

నాన్న కాలివైపు చూసుకున్నాడు. "నాక్కూడా అంతేనే," అన్నాడు.

రేపు మొదటి బస్సుకే గుంటూరు తీసుకెళ్తున్నాం. రక్తం ఎంతవరకు ఆడుతోందో చూశాక, పుండు మానుతుందో, మోకాలి కింద తీసెయ్యాలో చెబుతారు. కాలిన సంగతి డాక్టరుగారికి నేనే చెబుతాను. అమ్మ నాతో మాట్లాడటం లేదు. నువ్వూ తిట్టు, కానీ ఒక్కసారి రా.

సాయంత్రం కట్టు నేనే మార్చాను. సగంలో వాంతొచ్చింది. బయటికెళ్లి కక్కి, చేతులు కడుక్కుని వచ్చి, మిగతా సగం కట్టాను.

ఇట్లు,
నీ చెల్లెలు
ఫెబా