మీరు ‘ఊఁ’ అన్న పాస్‌వర్డ్

ఏమండీ,

కూర ఫ్రిజ్‌లో ఉంది, వేడి చేసుకుని తినండి. నేను ఆస్పత్రికి డ్యూటీకి వెళ్తున్నా. కస్టమర్ కేర్ అంటూ ఎవరైనా ఫోన్ చేస్తే వెంటనే పెట్టేయండి, గొంతు ఎంత తియ్యగా ఉన్నా సరే.

క్రిప్టో కంపెనీ నుంచి జవాబొచ్చింది. ఖాతాని కాపాడుకునే బాధ్యత ఖాతాదారుడిదేనట, దొంగలు ఎత్తుకుపోయిన సగం డబ్బు తిరిగి రాదట. ఖాతాదారుడంటే మీరే. వారం నుంచి మీరు ఆడిపోసుకుంటున్న మా తమ్ముడు కాదు, వాడిచ్చిన పాత లాప్‌టాప్ కూడా కాదు.

ఊళ్ళో సగం తలుపులకి తాళాలు బిగించిన మనిషి, ఎవరో ఫోన్‌లో “సార్, సార్” అనగానే పాస్‌వర్డ్ అప్పజెప్పేశారు. పెళ్ళయిన దగ్గర్నుంచి నేనడిగితే మాత్రం “నీకెందుకే!”

సరే, పోయిందేదో పోయింది. మొహం వేలాడేసుకుని కూర్చోకండి. మిగిలిన సగం భద్రంగానే ఉంది. మీరు స్నానం చేస్తుంటే మీ ఫోన్‌లోంచే పాస్‌వర్డ్ మార్చేశాను. ఇకమీదట ఏ దొంగా దాన్ని మీ నోటినుంచి రాబట్టలేడు. ఎందుకంటే, నిన్న పొద్దున కాఫీ దగ్గర నేను మీకు రెండుసార్లు చెప్పిన మాటే పెట్టాను. మీరు ఫోన్ చూసుకుంటూ “ఊఁ” అన్నారు.

గుర్తొస్తే సాయంత్రం చెప్పండి. రాకపోతే మళ్ళీ చెప్తాలెండి, ఫోన్ పక్కన పెట్టి వింటానంటేనే.

అన్నట్టు, “ఊఁ” అని కొట్టి చూడకండి. ముందు అదే పెడదామనుకున్నా. మరీ బలహీనంగా ఉందని కంపెనీ ఒప్పుకోలేదు.